సర్వీసుకూ సర్వీసుకూ మధ్య

కొత్త మోటార్ సైకిల్ రెండు నిమ్మకాయలను తొక్కుకుంటూ షోరూం బయటికి వస్తుంది. తాళాలతో పాటు ఒక చిన్న పుస్తకం కూడా చేతికి ఇస్తారు. నిమ్మకాయల తంతు ఎవరూ మరచిపోరు గానీ, పుస్తకం మాత్రం ఇన్సూరెన్సు కాగితాల కవరులో చేరి బండి అమ్మే రోజు దాకా వెలుగు చూడదు. అందులో అందరికీ తెలిసిన పేజీ ఫ్రీ సర్వీసు కూపన్లది. దాని తర్వాత ఎక్కడో ఇంకో పట్టిక ఉంటుంది. ఏ భాగాన్ని ఎన్ని కిలోమీటర్లకు చూడాలో అందులో రాసి ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవారికి ఒక పొంతన లేని లెక్క కనిపిస్తుంది. మామూలు బండికి సర్వీసు సుమారు 3000 కిలోమీటర్లకు ఒకసారి. చైనుకు నూనె 500 కిలోమీటర్లకు ఒకసారి. టైర్లలో గాలి వారానికో, పది రోజులకో ఒకసారి. సర్వీసు సెంటరు ఎంత నిజాయితీగా పనిచేసినా, రెండు సర్వీసుల మధ్య చైను అయిదుసార్లు నూనె కోసం ఎదురుచూస్తుంది. ఆ అయిదుసార్లూ యజమానివే. బండి పదేళ్ళు నడుస్తుందా, నాలుగేళ్ళకే మోత మొదలుపెడుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు చైను సంగతి. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే 100, 110, 125 సీసీ బండ్లలో చాలావాటికి చైనును పూర్తిగా కప్పేస్తూ రేకు కవరు ఉంటుంది. దుమ్మూ, బురదా, వెనక కూర్చున్నవారి చీర కొంగూ చైనులో పడకుండా కాపాడేది ఆ కవరే. బండికి చైను ఉందన్న సంగతే యజమాని మరచిపోయేలా చేసేదీ ఆ కవరే. దానికి కింది వైపు ఒక రబ్బరు బిరడా ఉంటుంది. బిరడా లాగితే వేలు పట్టేంత కంత. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, ఆ కంతలోంచి చైనును పైకీ కిందికీ ఆడించి చూడాలి. చాలా బండ్లకు ఆ ఆట 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కచ్చితమైన అంకె పుస్తకంలో ఉంటుంది. ఒక్కచోట చూస్తే సరిపోదు. చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడాలి. చైను అంతటా ఒకేలా అరగదు. ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా తగులుతుంటే ఆ చైను ఆయుష్షు దగ్గరపడినట్టే.

చైను సాగిందని అందరూ అంటారు. నిజానికి ఇనుము సాగదు. చైనులో ఒక్కో కీలు దగ్గర ఒక పిన్ను, దాని మీద గొట్టంలాంటి బుష్షు, ఆపైన తిరిగే రోలరు ఉంటాయి. పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి రాసుకుంటూ అరుగుతాయి. చైనులో అలాంటి కీళ్ళు వందకు పైగా. ఒక్కో కీలు మిల్లీమీటరులో పదోవంతు అరిగినా మొత్తం చైను సెంటీమీటరుకు పైగా పొడుగవుతుంది. పొడుగైన చైను లింకులు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోవు. అప్పుడు పళ్ళు ఒకవైపే అరిగి కొక్కేల్లా వంగుతాయి. ముందు స్ప్రాకెట్ చిన్నది కాబట్టి, వెనకది ఒక చుట్టు తిరిగేలోగా అది సుమారు మూడు చుట్లు తిరుగుతుంది, ముందుగా అదే పోతుంది. అందుకే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మారుస్తారు. డబ్బు మిగులుతుందని ఒక్క చైనే మార్పిస్తే, పాత పళ్ళు కొత్త చైనును కొన్ని నెలల్లోనే తమ దారికి తెచ్చుకుంటాయి.

అరుగుదల కీళ్ళ లోపల జరుగుతోంది కాబట్టి నూనె చేరవలసింది అక్కడికే. బయటి పలకలు నల్లగా నిగనిగలాడుతున్నంత మాత్రాన లాభం లేదు. 90 నంబరు గేరు ఆయిల్ గానీ, చైన్ స్ప్రే గానీ చైను లోపలి వైపు నుంచి, పలకల మధ్య సందుల్లో పడేలా వెయ్యాలి. చైను తిరిగేటప్పుడు నూనె బయటికి చిమ్మాలని చూస్తుంది. లోపలి నుంచి వేస్తే ఆ చిమ్మే దారిలోనే కీళ్ళను తడుపుతూ పోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక, చైను కాస్త వెచ్చగా ఉన్నప్పుడు వేసి రాత్రంతా వదిలేయడం మంచిది. పొద్దున వేసి వెంటనే బయలుదేరితే సగం నూనె వెనక చక్రం మీద, మిగతా సగం ప్యాంటు మీద కనిపిస్తుంది. ఇంజిన్లోంచి తీసిన పాత ఆయిల్‌ను చైనుకు పూయడం షెడ్లలో ఆనవాయితీ. అందులో మసి, లోహపు పొడి ఉంటాయి. నూనె పేరుతో ఆకురాయి రుద్దినట్టవుతుంది. శుభ్రం చేయడానికి కిరోసిన్ గానీ, ఆ పనికే అమ్మే క్లీనరు గానీ చాలు. పెద్ద బండ్లకు వచ్చే ఓ-రింగు చైను కీళ్ళలో గ్రీజును బంధించి ఉంచే సన్నని రబ్బరు రింగులు ఉంటాయి. పెట్రోలూ, ఇనుప బ్రష్షూ ఆ రింగులను పాడుచేస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఇంజిను స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, తిరిగే చక్రం పక్కన కూర్చుని గుడ్డతో చైను తుడవడం వీధి వీధినా కనిపిస్తుంది. గుడ్డ ఒకసారి చిక్కిందంటే వేళ్ళు కూడా దానితో పాటే స్ప్రాకెట్లోకి పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, ఇంజిను ఆపి ఉండాలి.

చైను వదులైతే మోత వస్తుంది, అందరికీ వినిపిస్తుంది. అతిగా బిగిస్తే మోత రాదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం. బండి గుంతలో పడినప్పుడు వెనక చక్రం పైకి లేస్తుంది, ఆ కదలికలో రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం కాస్త మారుతుంది. ఆ మార్పుకు చోటివ్వడానికే చైనులో ఆ ఆట. అది లేకపోతే ప్రతి గుంతకూ గేరుబాక్సు షాఫ్టు బేరింగును చైను లాగిపెడుతుంది. ఇద్దరు కూర్చుని, బియ్యం మూట కూడా వేసుకుని వెళ్ళే బండికి ఈ సంగతి మరీ వర్తిస్తుంది. చైనును పిడిలా బిగించి "ఇక మోత రాదు" అని ధీమాగా చెప్పే మెకానిక్ కంటే, కొంచెం వదులుగా ఉంచి పంపే మెకానిక్ నయం.

చైను బిగించిన తర్వాత చాలామంది పట్టించుకోని పని ఇంకొకటి ఉంది. చైను బిగించడమంటే వెనక చక్రాన్ని కొద్దిగా వెనక్కి జరపడమే. డ్రమ్ము బ్రేకు ఉన్న బండిలో బ్రేకు పెడలునూ చక్రాన్నీ కలిపే ఊచ పొడవు మారదు. చక్రం వెనక్కి జరిగితే ఆ ఊచ బిగుసుకుంటుంది. పెడలు తొక్కకపోయినా బ్రేకు షూలు డ్రమ్మును రాసుకుంటూ ఉంటాయి. చైను బిగించాక మైలేజీ పడిపోయిందని, బండి ఈడ్చినట్టు నడుస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో ఒక ముఖ్యమైన కారణం ఇదే. పది కిలోమీటర్లు నడిపి వచ్చాక వెనక చక్రం నడిమి భాగం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది (ఆనించకుండా, దగ్గరగా). సెగ కొడుతుంటే బ్రేకు పట్టుకున్నట్టే. ఊచ చివర ఉండే నట్టును కొద్దిగా వదులు చేస్తే సరిపోతుంది. పెడలు పని మొదలుపెట్టే ముందు కొంత ఖాళీగా కదలాలి. ఆ ఖాళీ ఎంతో పుస్తకంలో ఉంటుంది. చక్రం జరిపేటప్పుడు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీద రెండు వైపులా ఉండే గీతలు ఒకే అంకె దగ్గర ఉన్నాయా లేదా అన్నదీ చూడాలి. ఒకవైపు మూడో గీత, ఇంకోవైపు నాలుగో గీత అయితే చక్రం వంకరగా కూర్చుంది.

ఇంజిన్ ఆయిల్ విషయానికి వస్తే కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీది మంచిదని. అడగవలసింది డబ్బా మీద ఏం రాసి ఉందని. ఇప్పటి చిన్న బండ్లలో చాలావాటికి 10డబ్ల్యు-30 రకం సరిపోతుంది, కొన్నిటికి వేరే గ్రేడు (నూనె చిక్కదనాన్ని చెప్పే అంకె) అవసరం. గ్రేడు అందరూ చూస్తారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే జాసో ఎంఏ, ఎంఏ2, ఎంబీ అన్న గుర్తును ఎవరూ చూడరు. ఇది జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో తెచ్చిన వర్గీకరణ. కారులో ఇంజినుకు ఒక నూనె, గేర్లకు వేరే నూనె, క్లచ్చు పొడిగా బయట. మోటార్ సైకిల్లో ఇంజినూ గేర్లూ క్లచ్చూ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో జారుడు పెంచే మందులు కలుపుతారు. ఇంజినుకు అది మేలే, క్లచ్చు ప్లేట్లకు కాదు. అవి ఒకదాన్నొకటి పట్టుకోవాలి గానీ జారకూడదు. ఎంఏ, ఎంఏ2 గుర్తులున్న నూనె క్లచ్చును జారనివ్వదు. స్కూటర్లలో నూనెలో మునిగే ఇలాంటి క్లచ్చు ఉండదు కాబట్టి వాటికి ఎంబీ. ఇంట్లో స్కూటరూ బైకూ రెండూ ఉన్నచోట, స్కూటరులో పోయగా మిగిలిన ఆయిల్‌ను వృథా ఎందుకని బైకులో పోయడం మామూలే. కొన్నాళ్ళకు ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఇంజిను గోల పెడుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. అప్పుడు క్లచ్చు ప్లేట్లు పోయాయని మార్పిస్తారు.

గాలితో చల్లబడే ఇంజిన్లలో నూనెకు ఇంకో బాధ్యత కూడా ఉంది. రేడియేటరు లేదు, నీళ్ళు లేవు. లోపలి వేడిని మోసుకొచ్చి బయటి రెక్కలకు అందించే పనిలో పెద్ద వాటా నూనెదే. చిన్న బండ్లలో పట్టే నూనె దాదాపు ఒక లీటరు, కొన్నిటిలో అంతకంటే తక్కువ. అందులోంచి 200 మిల్లీలీటర్లు తగ్గడమంటే అయిదోవంతు తగ్గడం. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండికి గాలి కూడా తగలదు. ఆ పరిస్థితిలో మిగిలిన నూనె రెండింతలు కష్టపడుతుంది. నూనె ఎప్పుడు మార్చాలన్న దాని మీద ఉన్నంత చర్చ, ఎంత ఉందో చూసుకోవడం మీద లేకపోవడం విచిత్రం. కొన్ని కంపెనీల పుస్తకాలు 6000 కిలోమీటర్లకు మార్చమని, మధ్యలో తగ్గినంత పోసుకోమని చెబుతాయి. ఆ "తగ్గినంత పోసుకోవడం" ఎవరూ చేయరు. దాంతో కొన్ని బండ్లు చివరి వెయ్యి కిలోమీటర్లు అడుగున మిగిలిన నూనెతోనే నడుస్తాయి.

నూనె చూసే పద్ధతిలోనూ తప్పు జరుగుతుంది. సైడ్ స్టాండు మీద బండి ఒరిగి ఉంటుంది కాబట్టి లోపలి నూనె కూడా ఒక పక్కకు చేరి, గేజి (నూనె మట్టం చూపే పుల్ల) తప్పుడు లెక్క చూపిస్తుంది. చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, ఇంజిను రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగాలి. గేజి తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాలి. హోండా, హీరో బండ్లలో ఇలా చూసేటప్పుడు గేజిని మర తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి తియ్యాలి. నూనె మరక పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండాలి. పై గీత దాటినా మంచిది కాదు. కొన్ని బండ్లకు గేజికి బదులు చిన్న అద్దం ఉంటుంది, వాటితో ఈ తంటా లేదు. ఇక నూనె నల్లబడిందని భయపడవలసిన పని లేదు. మసిని కడిగి తనలో పట్టి ఉంచడం దాని పనే కాబట్టి నల్లబడుతుంది. పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే మాత్రం లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. అప్పుడు బండి నడపకూడదు.

మొదటి సర్వీసు 500 నుంచి 750 కిలోమీటర్లకే ఎందుకు పెడతారన్నదానికి జవాబు కూడా నూనెలోనే ఉంది. కొత్త పిస్టన్ రింగులు, గేరు పళ్ళు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఒకదానికొకటి సర్దుకుంటూ సన్నని లోహపు పొడి రాలుస్తాయి. ఆ పొడిని త్వరగా బయటికి పంపడమే మొదటి సర్వీసులోని అసలు పని. "ఇంకా కొత్తదే కదా" అని దాన్ని వాయిదా వేసేవారు ఆ పొడినే ఇంజిన్లో తిప్పుతున్నారు.

టైర్ల గాలి గురించి చెప్పవలసింది తక్కువ, చేసేవారు ఇంకా తక్కువ. ఎంత కొట్టించాలో చైను కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో అతికించిన స్టిక్కరులో ఉంటుంది. చిన్న బండ్లకు ముందు 25 పీఎస్ఐ అటూ ఇటుగా, వెనక ఒక్కరే అయితే 28 చుట్టూ. ఇద్దరు ఎక్కితే వెనకకు ఇంకా ఎక్కువ కావాలని స్టిక్కరే విడిగా చెబుతుంది. ఈ అంకెలన్నీ చల్లని టైరుకు. పది కిలోమీటర్లు నడిపి బంకుకు వెళ్తే టైరు వేడెక్కి గేజి ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఇంటికి దగ్గరి బంకే మేలు. బంకుల్లో గాలి ఉచితమే. పంచరు షాపులో బొటనవేలితో నొక్కి "సరిపోయింది" అనే అనుభవజ్ఞులు ఉంటారు గానీ, ట్యూబ్‌లెస్ టైరు పక్క గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి సగం గాలి పోయినా వేలికి తెలియదు. రెండు మూడు వందల రూపాయల గేజి ఒకటి ఇంట్లో ఉంటే ఈ గొడవ తీరిపోతుంది. నైట్రోజన్ కొట్టించమని అడిగేచోట గుర్తుంచుకోవలసిందల్లా ఒకటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఈ తరం బండ్లకు పాత తరం సలహాలు అన్నీ పనికిరావు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ ప్రమాణాలు వచ్చాక పెట్రోలు బండ్లలో చాలావరకు పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు పోయి, కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చోకు లేదు, రిజర్వు నాబు లేదు, స్క్రూ తిప్పి మైలేజీ "సెట్టింగు" చేసే అవకాశమూ లేదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ పెట్రోలు అడుగంటేదాకా నడిపే అలవాటు ఉన్నవారికి ఆ పంపు ఖరీదు తర్వాత తెలుస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే నెట్టి స్టార్ట్ చేయడమూ కుదరదు, ఆ పంపుకూ ఇంజెక్టరుకూ కరెంటు కావాలి. నెల రోజులు ఊరెళ్ళేవారు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి వెళ్ళడం మేలు. మీటరులో ఇంజిను బొమ్మతో పసుపు లైటు వెలిగి ఆరకపోతే రోడ్డు పక్క షెడ్డులో తీగలు కదిలించనివ్వకూడదు. అది కంప్యూటరు పెట్టి చూడవలసిన పని.

ఏర్ ఫిల్టరుదీ ఇదే కథ. పాతకాలపు స్పాంజి ఫిల్టరును కడిగి, నూనెలో ముంచి, పిండి మళ్ళీ పెట్టేవారు. ఇప్పుడు చాలా బండ్లలో వచ్చేది జిడ్డు పట్టించిన కాగితపు ఫిల్టరు. దుమ్మును పట్టేది ఆ జిడ్డే. దాన్ని కడిగినా, కంప్రెసరు గాలి కొట్టినా జిడ్డు పోతుంది, మిగిలేది ఉత్త కాగితం. పుస్తకం చెప్పిన కిలోమీటర్లకు మార్చేయడమే దానికి చేయగల సేవ. క్రషర్ల దగ్గరా, మట్టి రోడ్ల మీదా తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి.

నీళ్ళ సంగతి చూస్తే, బండిని ప్రేమించేవారి వల్లే దానికి ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆయుధ పూజ ముందు రోజు వాటర్ సర్వీసింగ్ దగ్గర బారులు తీరిన బండ్లన్నీ తళతళలాడుతూ, చైనులో చుక్క నూనె లేకుండా ఇంటికి వెళ్తాయి. ప్రెషరు గొట్టం చైను కీళ్ళలోంచి నూనెను, చక్రాల బేరింగుల అంచుల నుంచి గ్రీజును తోసేస్తుంది. తీగల కలయికల్లోకి, సైలెన్సరు గొట్టంలోకి నీళ్ళు పంపుతుంది. బకెట్టు నీళ్ళు, పాత గుడ్డ సరిపోతాయి. గొట్టంతోనే కడిగిస్తే ఆ సాయంత్రమే చైనుకు నూనె వెయ్యాలి, మొదటి కిలోమీటరు తడి బ్రేకులను నమ్మకుండా నెమ్మదిగా నడపాలి. వానాకాలం సెల్లారుల్లో మునిగిన బండి విషయంలో అయితే నియమం ఇంకా కఠినం. నీళ్ళు తీసిన వెంటనే సెల్ఫ్ నొక్కకూడదు. సిలిండరులోకి చేరిన నీరు నలగదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి నీళ్ళు తీయించి, నూనె మార్పించాలి.

ఫ్రీ సర్వీసులో ఫ్రీ అయ్యేది కూలి. ఆయిల్, ఇతర సరుకుల డబ్బు బిల్లులో ఉంటుంది, అది న్యాయమే. ఆ సరుకుల పక్కన చేరే ఇంజిన్ కోటింగు, డీకార్బనైజింగు, ఆయిల్లో కలిపే సీసా మందు లాంటివి వేరే లెక్క. మూడు వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్లో గీకి తీయవలసినంత మసి పేరుకోదు. పుస్తకంలోని పట్టికలో లేనిదాన్ని వద్దనడానికి మొహమాటం అక్కరలేదు. దానికి బదులు జాబ్ కార్డులో రాయించేది స్పష్టంగా ఉండాలి. "జనరల్ చెకప్" అని రాయిస్తే కడిగి ఇస్తారు. "చైను ఒకచోట బిగుతు, ఒకచోట వదులు", "40 దాటితే హ్యాండిల్ వణుకుతోంది", "పొద్దున్న మొదటి గేరు ఖంగుమంటోంది" అని రాయిస్తే ఎవరో ఒకరు అది చూడక తప్పదు. అలా చెప్పగలిగేది మధ్యలో బండిని చూసుకున్న యజమానే.

బండి తిరిగి చేతికి వచ్చాక గేటు దగ్గరే అయిదు నిమిషాలు ఆగడం మంచిది. ఆయిల్ పై గీత దాటిందా, వెనక బ్రేకు పెడలులో ఖాళీ ఉందా, చైను కంతలో వేలు ఆడుతోందా, వెనక ఇరుసు నట్టుకు పిన్ను ఉన్న బండి అయితే అది తిరిగి పెట్టారా అన్నవి అక్కడే చూసుకుంటే, తేడా ఉంటే అక్కడే సరిచేయించుకోవచ్చు. గాలి చాలాసార్లు ముందూ వెనకా ఒకే అంకె కొట్టి పంపుతారు. అది మరుసటి రోజు పొద్దున, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఇంట్లోని గేజితో సరిచూసుకుని, మీటరులోని కిలోమీటర్లకు 500 కలిపి ఆ అంకెను ఫోనులో రాసుకుంటే చైను వంతు ఎప్పుడో తెలుస్తుంది.